దీపధారిణి

రోగులకు పరిచర్య చేసే స్త్రీని సమాజం చిన్నచూపు చూసిన కాలంలో, ఆ వృత్తికి విద్యను, గౌరవాన్ని సమకూర్చిన మహనీయురాలు ఫ్లారెన్స్ నైటింగేల్. ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో, సంపన్నమైన ఆంగ్ల కుటుంబంలో జన్మించింది. తండ్రి ఆమెకు ఇంటివద్దనే చరిత్ర, ప్రాచీన భాషలు బోధించాడు. గణితమంటే ఆమెకు ఎనలేని మక్కువ. నర్సు కావాలన్న ఆమె కోరికను తల్లిదండ్రులు ఎంతోకాలం అంగీకరించలేదు. ఆమె మాత్రం పట్టు విడువక, 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో శిక్షణ పొందింది.

1854లో క్రిమియా యుద్ధ సమయాన 38 మంది స్త్రీలతో టర్కీలోని స్కుటారీ సైనిక వైద్యశాలకు చేరింది. రాత్రివేళ దీపం చేతబూని క్షతగాత్రులను పరామర్శించేది. అయినా మరణాలు ఆగలేదు. 1855 ఫిబ్రవరిలో నూటికి 42 మంది కన్నుమూశారు. మార్చిలో వచ్చిన పారిశుద్ధ్య సంఘం మురుగుకాలువలను బాగుచేయించి, గాలి ప్రసరించే ఏర్పాట్లు చేసింది. కొద్ది నెలల్లోనే మరణాలు గణనీయంగా తగ్గాయి.

యుద్ధానంతరం దేశమంతా ఆమెను వేనోళ్ల కొనియాడింది. ఆమె మాత్రం గణాంక నిపుణుడు విలియం ఫార్‌తో కలిసి మృతుల లెక్కలను పరిశీలించింది. గాయాలకంటె అపరిశుభ్రతే ఎక్కువమందిని బలిగొన్నదని, తాను సేవ చేసిన వైద్యశాల కూడా అందుకు మినహాయింపు కాదని గ్రహించింది. ఆ చేదు నిజాన్ని దాచలేదు. పటాలుగా గీయించి, పాలకుల ముందుంచింది.

1860లో లండన్‌లోని సెయింట్ థామస్ వైద్యశాలలో నర్సుల శిక్షణాలయాన్ని నెలకొల్పింది. అక్కడి విద్యార్థినులు తమ పనిని దినచర్య పుస్తకాల్లో రాసుకోవాలన్నది నియమం. అనారోగ్యంతో మంచం పట్టిన కాలంలోనూ నైటింగేల్ వారిని ఇంటికి పిలిపించుకొని, పనిలోని కష్టసుఖాలను చర్చించేది. 1872 నుండి వారికి లేఖలు రాసింది. నర్సు నేర్చుకోవడం మానిననాడే వెనుకబడుతుందన్నది ఆమె దృఢవిశ్వాసం.

ఆమె భారతదేశానికి ఎన్నడూ రాలేదు. అయినా 1876-78 నాటి కరవు దక్షిణాదిని కబళించినప్పుడు ఇక్కడి రైతుల పక్షాన కలం పట్టింది. నీటిపారుదలే కరవుకు విరుగుడన్న సర్ ఆర్థర్ కాటన్ వాదాన్ని బలపరచింది. ఆ శతాబ్దంలోనే తవ్విన కర్నూలు-కడప కాలువ నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల పొలాలకు జీవనాధారమైంది.

1910 ఆగస్టు 13న, 90 ఏళ్ల వయస్సులో ఆమె తనువు చాలించింది. ఆమె జన్మదినం నేడు అంతర్జాతీయ నర్సుల దినోత్సవం. నంద్యాలలో గాని, ఆళ్లగడ్డలో గాని, మరెక్కడైనా గాని, డ్యూటీ ముగిసిన నర్సులు ఒకచోట కూర్చుని, ఈనాడు ఏ రోగి విషయంలో ఏమరుపాటు కలిగింది, రేపు ఎలా సరిదిద్దుకోవాలి అని నిస్సంకోచంగా మాట్లాడుకుంటే, ఆమె చేబూనిన దీపం అక్కడ వెలుగుతున్నట్లే. ఇతరుల తప్పులెంచడం సులభం. తన పనిని తానే తూచుకోవడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యమే ఆమె మనకు మిగిల్చిన వెలుగు.