గ్రేస్ హాపర్: నోట్‌బుక్కుల్లో దాగిన కోడ్

ఒక ప్రాజెక్ట్ ఏయే లైబ్రరీల మీద ఆధారపడిందో తెలియాలంటే మనం రిక్వైర్‌మెంట్స్ ఫైల్ తెరిచి చూస్తాం. కానీ ఎవరో ఎక్కడినుంచో ఒక ఫంక్షన్ తెచ్చి పేస్ట్ చేసుంటే దాని పేరు ఏ లిస్టులోనూ ఉండదు. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే లోపం బయటపడ్డప్పుడు, అది తమ దగ్గర ఉందో లేదో కూడా చాలా కంపెనీలు వెంటనే చెప్పలేకపోయాయి. వేరే జార్ ఫైళ్ల పొట్టలో దాక్కుని ఉండింది మరి. ఈ తలనొప్పి మొదట్లోనే పడినవాళ్లలో గ్రేస్ హాపర్ ఒకరు.

ఆవిడ 1906 డిసెంబరు 9న న్యూయార్క్‌లో పుట్టారు. అలారం ఎట్లా మోగుతుందో చూద్దామని చిన్నప్పుడు ఇంట్లో ఏడు గడియారాలు విప్పేశారంట. 1934లో యేల్‌లో గణితంలో పీహెచ్‌డీ, వాసర్ కాలేజీలో పాఠాలు. యుద్ధం వచ్చాక నేవీలో చేరబోతే వయసు ఎక్కువ, బరువు తక్కువ అన్నారు. పట్టుబట్టి అనుమతి తెచ్చుకుని 1943 డిసెంబరులో చేరారు. మరుసటి ఏడాది హార్వర్డ్ మార్క్ 1 దగ్గరికి పంపారు. 51 అడుగుల పొడవు మెషిన్, మన ఆర్టీసీ బస్సు కన్నా పెద్దది.

అక్కడ ఒకరు రాసిన కోడ్ ముక్క బాగా పనిచేస్తే మిగతావాళ్లు దాన్ని తమ నోట్‌బుక్కులోకి ఎత్తి రాసుకునేవాళ్లు. 1949లో యూనివాక్ తయారుచేసే కంపెనీకి మారాక కూడా ఇదే పద్ధతి. సబ్‌రొటీన్ అడ్రసులు సున్నా నుంచి మొదలయ్యేవి; దాన్ని ప్రోగ్రాంలో ఎక్కడ పెడితే ఆ అంకెను ప్రతి అడ్రసుకీ చేత్తో కూడాలి. కూడిక తప్పేది. చూసి రాయడమూ తప్పేది: 4 కాస్తా ఏ అయ్యేది, బి కాస్తా 13 అయ్యేది. పైగా ఏ ముక్క ఎవరి నోట్‌బుక్కులోంచి వచ్చిందో కోడ్ చూస్తే తెలియదు.

1952లో ఆవిడ ఏ-0 తయారుచేశారు. ప్రతి సబ్‌రొటీన్‌కీ ఒక నంబరు ఇచ్చి టేపులో పెట్టారు. ప్రోగ్రామర్ నంబరు రాస్తే చాలు. మెషినే టేపులో వెతికి తెచ్చి, అడ్రసులు సరిచేసి అతికిస్తుంది. ఆవిడ దాన్ని కంపైలర్ అన్నారు గానీ ఇప్పటి లెక్కలో లింకర్ అనాలి. నా దృష్టిలో గొప్ప విషయం వేగం కాదు: ప్రోగ్రాంకి ఏమేం కావాలో మొదటిసారి ఒక లిస్టుగా కనబడింది. అందరూ చెప్పే ఆ చిమ్మట పురుగు కథ కన్నా నాకు ఇదే ఇష్టం. ఆ పురుగుని పట్టింది ఆవిడ కూడా కాదు.

తర్వాత ఫ్లో-మాటిక్, దాని ప్రభావంతో 1959లో మొదలైన కోబాల్. 1986లో 79 ఏళ్లకి రియర్ అడ్మిరల్‌గా రిటైరయ్యారు. 1992 జనవరి 1న పోయారు.

మన తెలుగువాళ్లకి ఆవిడ వారసత్వం వైటూకే రూపంలో వచ్చింది. మెమొరీ మిగలాలని సంవత్సరాన్ని రెండంకెల్లో దాచిన కోబాల్ కోడ్‌ని 2000 లోపు సరిచేయాలి. అమీర్‌పేటలో కోర్సులు చేసి ఎందరో అమెరికా పోయారు. పుంగనూరు దగ్గర మా పెద్దపంజాణి వైపు నుంచి, టమోటా పండించే ఇంట్లోంచి, నాకు మామ వరసయ్యే ఒకాయన కూడా పోయాడు. కాపీబుక్ పేరు రాసి వాడిన ప్రోగ్రాములు వెతికితే దొరికేవంట. పేరు రాయకుండా అందులోని లైన్లు ఎత్తి అతికించినవాటితోనే రాత్రుళ్లు గడిచాయంట, లైను లైను చదువుతా.

వాళ్లంతా భయపడిన 2000 జనవరి 1కి ఆవిడ పోయి సరిగ్గా ఎనిమిదేళ్లు.