సంఘనిర్మాత భాగ్యరెడ్డివర్మ

1931వ సంవత్సరమున హైదరాబాదు సంస్థానములో జరిగిన జనాభా లెక్కలలో ఒక క్రొత్త పేరు కనబడును. అంతకుముందు అంటరానివారనియు, పంచములనియు, మరి కొన్ని పలుకరాని మాటలతోను పేర్కొనబడుచు వచ్చిన జనులను ఆ లెక్కలలో ఆది హిందువులని వ్రాసిరి. ప్రభుత్వపు పట్టికలో ఒక పేరు మారుట కొందరికి స్వల్పవిషయముగా తోచవచ్చును. తరగతిలో హాజరు పిలుచు ఉపాధ్యాయునకు మాత్రము ఒక పేరులో ఎంత గౌరవము, ఎంత అవమానము ఇమిడియుండునో తెలియకపోదు. ఈ మార్పునకై పాతికేండ్లు పాటుపడినవారిలో అగ్రగణ్యులు మాదరి భాగ్యరెడ్డివర్మ గారు.

ఆయన 1888 మే 22వ తేదీన హైదరాబాదు నగరమున ఒక మాల కుటుంబములో జన్మించిరి. తండ్రి వెంకయ్య, తల్లి రంగమాంబ. పుట్టినప్పటి పేరు భాగయ్య. ఇంటికి వచ్చు శైవగురువు ఒకరు ఆ శిశువును భాగ్యరెడ్డి అని పిలిచెనట. రెడ్డి అను శబ్దము రేడు అను శబ్దమునుండి పుట్టినదనియు, ఈ నేలను మొదట ఏలిన రేడులు ఈ జనులే యనియు ఆ గురువు తలంపు. ఆ వ్యుత్పత్తి నిలుచునా నిలువదా అన్నది భాషాపండితులు తేల్చుకొందురు గాక. ఆ బాలుడు మాత్రము దానిని జన్మాంతము మరువలేదు. వర్మ అను బిరుదము 1913లో ఆర్యసమాజమువారు ఒసగినది. పేరునుబట్టి ఆయనను రెడ్లలోనో క్షత్రియులలోనో చేర్చి పొరబడు విద్యార్థులు నేటికిని లేకపోలేదు.

ఆయన చేసిన పని తెలియవలెనన్న, ముందు ఆనాటి నగరము తెలియవలెను. మూసీనదికి దక్షిణమున చార్మినారు చుట్టు ప్రాకారము గల పాత బస్తీ. నదికి ఉత్తరపు ఒడ్డున చాదర్‌ఘాటు, ఇసామియా బజారు, రెసిడెన్సీ బజారులు. వానికి ఆవల సికింద్రాబాదు దండుబస్తీ. నవాబుల దేవిడీలకును, దొరల బంగళాలకును, రైలుమార్గములకును, క్రొత్తగా లేచుచున్న కట్టడములకును పనివారు కావలసియుండిరి. తెలంగాణపు పల్లెలనుండి మాల మాదిగ కుటుంబములు వచ్చి బస్తీల అంచులలో గుడిసెలు వేసికొన్నవి. పల్లెలో దొరగారి వెట్టి తప్పినదన్న సంతోషము వారికి కలిగియుండవచ్చును. కాని నగరములోను బావి వేరు, గుడి దూరము, బడి తలుపు మూత. ఇంటిలో మాటలాడునది తెలుగు. కచేరీలో, న్యాయస్థానములో నడచునది ఉర్దూ. పల్లెలో కష్టము వచ్చినప్పుడు కులపెద్దయైనను ఉండెడివాడు. నగరమున జబ్బుపడినవానిని మోయుటకు ఎవరును లేరు. జీతము ఎగవేసిన యజమానిని అడుగుటకు ఎవరును లేరు. బిడ్డకు అక్షరము చెప్పువారు అసలే లేరు. వేలకొలది జనులు ఒకే నగరమున నివసించియు ఒకరికొకరు కాకుండిరి.

భాగ్యరెడ్డి గారు ఈ జనులలో ఒకరై పెరిగిరి. చిన్నతనముననే పనికి పోవలసివచ్చినది. దోస్ శాంటోస్ అను రోమన్ కాథలిక్ న్యాయవాది ఇంట కొలువు దొరకుట ఆయనకు మేలైనది. ఆ ఇంటి ఆదరణ వలన చదువునెడల రుచి కలిగెను. కాలేజీ మెట్లెక్కకయే ఆయన మంచి వక్త, రచయిత, పత్రికాసంపాదకుడు కాగలిగిరన్న, అందుకు బీజము ఆ కొలువులోనే పడెననవచ్చును.

1906లో, పదునెనిమిదేండ్ల వయస్సున, ఆయన జగన్మిత్ర మండలిని స్థాపించిరి. దాని ప్రధానసాధనము హరికథ. చదువురాని జనులకు కరపత్రము పంచి ప్రయోజనమేమి? చిడతలు మ్రోగినచో బస్తీ అంతయు చేరును. కథ నడుమ త్రాగుడు మానుడని, పసిపిల్లలకు పెండ్లిండ్లు చేయవలదని, అప్పుచేసి విందులు పెట్టవలదని చెప్పుచుండిరి. ఇట్టి ప్రబోధము పైకులముల ఆచారములను అనుకరింపచేయుటయే యని తరువాతివారు కొందరు ఆక్షేపించిరి. అందులో కొంత నిజము లేకపోలేదు. మాంసాహారమును విడువుడని చెప్పుట మొదలగు విషయములలో ఆర్యసమాజపు నీడ స్పష్టముగనే కనబడును. కాని దినమంతయు రాళ్లు మోసి తెచ్చిన కూలి సాయంకాలమునకు కల్లుదుకాణము పాలగుట కన్నులార చూచినవాడు మరియొకటి చెప్పజాలడు. ఆ కూలి ఇంటికి చేరినగాని బిడ్డ బడికి పోడు.

బడియే ఆయన జీవితకార్యము. 1910లో ఇసామియా బజారులోను, లింగంపల్లిలోను పాఠశాలలు తెరచిరి. మహాత్మా ఫూలే పూనాలో బాలికల పాఠశాల పెట్టినది 1848లో. కేరళమున నారాయణగురువు అనుచరుల ధర్మపరిపాలన యోగము 1903లో వెలసినది. ఆ ప్రయత్నముల వెనుక మిషనరీల ఉదాహరణమో, ఆస్తిగల వర్గమొకటియో ఉండెను. హైదరాబాదులో అట్టి ఆసరా తక్కువ. ఇచ్చట చందా ఇచ్చువారును కూలివారే. పైగా ఈ పాఠశాలలలో బోధన తెలుగున సాగినది. ఇది గమనింపదగిన విషయము. సంస్థానమున 1880ల దశాబ్దిలో పారశీకమునకు బదులు ఉర్దూ అధికారభాష యైనది. 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకును ఉర్దూయే బోధనభాష. నగరమున తెలుగు చదువు దొరకుట అందరికిని కష్టముగా నున్న రోజులలో అందరికన్న అడుగున నున్న పిల్లలకు తెలుగు ఓనమాలు నేర్పిన బడులు ఇవి. హైదరాబాదులో తెలుగు నిలిచిన కథను చెప్పునప్పుడు సుల్తాను బజారులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయమును తలచుకొందుము, తలచుకొనవలసినదే. దాని ప్రక్కనే ఈ గుడిసెబడులకును చోటు దక్కవలెను.

తలిదండ్రులను ఒప్పించుటయే మొదటి కష్టము. ఏడెనిమిదేండ్ల పిల్లవాడు దొరగారి ఇంట చిన్నపనికి కుదిరినచో ఆ ఇంటికి నాలుగు డబ్బులు వచ్చును. బడికి పంపిన ఆ నాలుగు డబ్బులు పోవును. చదువు ఎందుకు అను ప్రశ్నకు వారియెదుట చూపుటకు చదివి బాగుపడిన తమవాడు ఒక్కడైనను లేడు. రెండవ కష్టము ఉపాధ్యాయులు. ఆ బస్తీలలో కాలుమోపి పాఠము చెప్పుటకు ఇతర కులములవారు జంకుదురు. తమవారిలో చదివినవారు లేరు. ఇన్ని ఆటంకములను దాటి ఆ పాఠశాలలు 1930ల ఆరంభమునకు 25కు తగ్గక, విద్యార్థులు 2,000కు పైబడిరి. తరువాత నిజాం ప్రభుత్వము ఈ పాఠశాలలను తన పాలనలోనికి తీసికొనెను. తాను పెంచిన చెట్టు పరుల పెరటిదైనట్లు ఆయన భావింపలేదు. ప్రభుత్వము చేయవలసిన పనిని ప్రభుత్వముచేత చేయించుటకే ఆయన అంతదనుక దానిని తన భుజములపై మోసిరి. జీతము రూఢిగా లేని బడిలో ఉపాధ్యాయుడు ఎన్నినాళ్లు నిలుచును?

బడితోపాటు తక్కినవియు ఒక్కొక్కటిగా అమరినవి. 1911లో మన్యసంఘము ఏర్పడెను. మరుసటి ఏట స్వస్తిక దళమను స్వచ్ఛందసేవకుల కూటమి. ఇండ్లలో పనిచేయువారికై 1916లో విశ్వ గృహపరిచారక సమ్మేళనమును నెలకొల్పిరి. వంటవారు, బట్లర్లు, ఆయాలు వీరందరు ఒక్కొక్కరుగా ఒక్కొక్క ఇంట చెదరియుందురు. కర్మాగారములోని కార్మికులవలె ఒకచోట కూడరు. అట్టివారిని సంఘముగా చేర్చవలెనన్న ఆలోచన ఆ కాలమున ఈ దేశములో ఎందరికి తట్టెనో చెప్పుట కష్టము. నగరమున ప్లేగు వ్యాపించినప్పుడును, 1918లో లోకమునంతటిని వణికించిన ఇన్‌ఫ్లూయెంజా వచ్చినప్పుడును ఈ దళమువారు రోగులకు పరిచర్య చేసిరి. అయినవారే ముట్టుటకు వెరచిన శవములకు సంస్కారములు జరిపిరి. ఎవరి స్పర్శ మైలయని లోకము తొలగుచుండెనో వారి చేతులే ఆ దినములలో పనికివచ్చినవి.

కులపంచాయతీలను ఆయన త్రోసివేయక దిద్దుకొనిరి. ఆలుమగల తగవు, అప్పు తగవు, హద్దు తగవు న్యాయస్థానమునకు పోయినచో వకీలునకు రుసుము, అర్థము కాని భాష, తీరని వాయిదాలు. అందుచే బస్తీ పంచాయతీల పైన ఒక కేంద్ర పంచాయతీని ఏర్పరచి, తీర్పులకు ఒక క్రమము కల్పించిరి. పెద్దల దండుగసొమ్ము కల్లునకు పోవు వాడుక మాన్పించుట ఇందులో ఒక లాభము.

1917 నవంబరులో బెజవాడయందు ఆంధ్రదేశపు పంచమ మహాజనసభ కూడెను. దానిని సమకూర్చినవారిలో ముఖ్యులు గూడూరు రామచంద్రరావు గారు. అధ్యక్షులుగా హైదరాబాదునుండి భాగ్యరెడ్డివర్మ గారిని పిలిచిరి. సభకు వచ్చినవారు కొండయెక్కుదురేమో అను భయముచే ఆ దినములలో కనకదుర్గ గుడి తలుపులు మూసియుంచిరి. లోపల సభలో అధ్యక్షులు లేవనెత్తిన మొదటి విషయము సభ పేరే. పంచముడను వర్ణము ఏ శాస్త్రమునను లేదనియు, తాము ఈ నేలకు మొదటివారనియు, అటువంటప్పుడు ఐదవవారమని తమకు తామే ఎందుకు చెప్పుకొనవలెననియు ఆయన వాదించిరి. సభ ఆ వాదమును అంగీకరించి ఆది ఆంధ్ర మహాజనసభయైనది. 1922లో మద్రాసు ప్రభుత్వము ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అను పేర్లను అంగీకరించెను. నేడును ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల షెడ్యూల్డు కులముల పట్టికను తెరచినచో మొదటి పంక్తిలో కనబడునది ఆది ఆంధ్ర అను పేరే.

ఆది ప్రజలమను ఈ భావము అప్పటికే మద్రాసున వేరూనియుండెను. తరువాత పంజాబులో మంగూరాం గారు, సంయుక్త పరగణాలలో స్వామి అచ్యుతానంద గారు ఇదే త్రోవ త్రొక్కిరి. హైదరాబాదున మన్యసంఘము ఆది హిందూ సంఘసేవా సమితిగా మారెను. 1922నుండి ఆది హిందూ మహాసభలు జరిగినవి. ఈ సభలలో మరల మరల వచ్చిన తీర్మానము, ఆడపిల్లలను దేవతపేర జోగినులుగా, బసివులుగా, మురళులుగా విడుచు దురాచారమును మాన్పించుటను గూర్చినది. భాగ్యరెడ్డి గారు ఈ విషయమున తమ కులపెద్దల కోపమునకు కూడ వెరవలేదు. చాదర్‌ఘాటున ఆది హిందూ భవనము ఈ కార్యములన్నిటికిని నెలవైనది.

నగరమున ఈ ఉద్యమమునకు ఆయన ఒక్కరే నాయకులు కారు. సికింద్రాబాదున అరిగె రామస్వామి గారు, ఆ తరువాత బి.ఎస్. వెంకటరావు గారు తమతమ సంఘములను నడిపిరి. వీరి నడుమ స్పర్ధ లేకపోలేదు; మాలలు మాదిగలు కలిసి భుజించుట, పెండ్లాడుట మొదలగు విషయములలో భేదాభిప్రాయములు వచ్చి సంఘములు చీలినవి. ఈ చీలికలను దాచిపెట్టి వ్రాయబడిన చరిత్రలకంటె వానిని చెప్పిన చరిత్రలే ఆ నాయకులను సజీవులుగా చూపును. 1930లో లక్నో నగరమున జరిగిన అఖిలభారత ఆది హిందూ మహాసభకు భాగ్యరెడ్డి గారు అధ్యక్షత వహించిరి. రౌండుటేబులు సమావేశమున ఈ ప్రజల పక్షమున మాటలాడుటకు డాక్టరు అంబేద్కరు తగినవారని ఆ సభ బలపరచెను.

మతవిషయమున ఆయన ఒకచోట నిలువలేదు. ఆర్యసమాజముతోను, బ్రహ్మసమాజముతోను చెలిమి చేసిరి. జంతుబలులను మాన్పించుటకు జీవరక్షా జ్ఞానప్రచారక మండలియందు పనిచేసిరి. మనస్సు మాత్రము బుద్ధునివైపు మొగ్గినది. 1913లోనే వైశాఖ పూర్ణిమనాడు బుద్ధజయంతి జరిపిరి. 1937లో మరల జరిపిరి. కుమారునకు గౌతమ్ అని పేరు పెట్టిరి. అంబేద్కరు నాగపురమున బౌద్ధదీక్ష తీసికొన్నది 1956లో.

1931లో భాగ్యనగర్ అను పక్షపత్రికను ప్రారంభించిరి. అది తరువాత ఆది హిందు అను పేరు పొందినది. వెట్టిమాదిగ అను ఆయన కథ ఈ పత్రికయందే వెలువడెను. జాగీరులలోను దేశముఖుల గ్రామములలోను కూలి లేక బరువులు మోయుచు, వార్తలు చేరవేయుచు, పిలిచిన వేళకు పరుగెత్తుచుండిన వెట్టివాని బ్రదుకు అందలి వస్తువు. తెలుగు కథాచరిత్రలు చాలకాలము దానిని పట్టించుకొనలేదు. నగరమున పుట్టి నగరమున పెరిగిన రచయిత పల్లెలోని వెట్టిని గూర్చి, అందును తన కులము కాని మాదిగను గూర్చి వ్రాయుట ఆలోచింపదగినది. నగరపు గుడిసెలలో తాను చూచిన జనులు ఏ బాధను విడిచి పారివచ్చిరో ఆయన ఎరుగును.

1939 ఫిబ్రవరి 18వ తేదీన ఆయన హైదరాబాదులో కన్నుమూసిరి. అప్పటికి వయస్సు ఏబదియొకటవ ఏడు. అంటరానితనమును నిషేధించిన రాజ్యాంగము అమలులోనికి వచ్చుటకు ఇంకను పదునొకండు సంవత్సరములు పట్టినది. ఆయన తొలి బడులలో ఓనమాలు దిద్దిన పిల్లలకు అప్పటికి నడివయస్సు దాటుచుండెను.