గింజను పరీక్షించిన వైద్యుడు: లీ షీజెన్

కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల యిండ్లలో బొబ్బర్లను నానవేసి, ఉడికించి, ఉప్పు చేర్చి తినుట పాతవాడుక. వానిని అచ్చటివారు గుడాలందురు. పిల్లలు పిడికిళ్లతో తినునట్టి యీ సామాన్యపు తిండి నాలుగు వందల యేండ్ల క్రిందట చీనాదేశపు మహావైద్యగ్రంథమొకదానిలో ఔషధముగా చోటు సంపాదించెను. ప్రతిదినము పరగడుపున ఉడికించిన బొబ్బర్లు కొంచెము ఉప్పుతో తినినచో మూత్రపిండములకు బలము కలుగునని పూర్వుడొకడు చెప్పిన మాటను ఆ గ్రంథకర్త పదిలపరచెను. ఆయనయే లీ షీజెన్.

హూబే రాష్ట్రమందలి చీజో పట్టణమున 1518లో ఆయన జన్మించెను. తాత ఊరూర తిరిగి మందులిచ్చిన వైద్యుడు. తండ్రి లీ యెన్‌వెన్ పేరుమోసిన వైద్యుడు. అయినను ఆ కాలమున వైద్యవృత్తికి గౌరవము తక్కువ. కుమారుడు రాజోద్యోగి కావలెనని తండ్రి కోరిక. పదునాలుగవ యేట బాలుడు మొదటి పరీక్షలో నెగ్గెను గాని, పై పరీక్షలో మూడు పర్యాయములు తప్పెను. ఇరువదవ యేట తీవ్రమైన దగ్గు, జ్వరము పట్టుకొనెను. ఎన్ని మందులు మ్రింగినను తగ్గలేదు. తుదకు తండ్రి హువాంగ్‌చిన్ అను ఒకే యొక వేరుతో కషాయము కాచి యిచ్చి బ్రతికించెను. పరీక్షల యాశ వదలి షీజెన్ తండ్రి త్రోవనే పట్టెను.

వైద్యము చేయుచుండగా ఆయనకు ప్రాచీన నిఘంటువులలోని తప్పులు కనబడసాగెను. ఒకే మొక్క రెండు పేరులతో రెండు చోట్ల నుండెను. వేరువేరు మూలికలు ఒక్కటిగా కలిసిపోయెను. పుస్తకములో తప్పు దొరలినచో రోగి ప్రాణమునకే ముప్పు. 1552లో ఆయన సవరణకు పూనుకొనెను. నడుమ రాజవైద్యశాలలో కొంతకాలముండి మరలి వచ్చెను. ఎనిమిది వందలకు మించిన గ్రంథములు చదివెను. రైతులను, జాలరులను, వేటగాండ్రను అడిగి తెలిసికొనెను. మూడుసార్లు తిరుగవ్రాసి 1578లో ముగించెను. అదియే 1892 ద్రవ్యములను వర్ణించిన బెన్‌సావో గాంగ్‌ము.

అందు పప్పుగింజల ప్రకరణము మనకెంతయో పరిచితముగా దోచును. వేడి చేయును, చలువ చేయును అని మన పెద్దలు పలుకునట్లే చీనా వైద్యులు ప్రతి యాహారమునకును ఒక గుణము చెప్పుదురు. పెసలు చలువ, వేసవి తాపమునకు, సెగగడ్డలకు వాడవలెను. చలువ తొక్కలోనే యున్నది గనుక తొక్కతోనే వండవలెనట. చరకుడు పప్పులన్నిటిలో పెసలనే మేలైనవని యెన్నుట, మన యిండ్లలో జ్వరము విడిచినవారికి పెసరకట్టు పోయుట ఇచ్చట గుర్తుకు రాక మానదు. తెల్ల చిక్కుడు గింజలు కడుపునకు మేలు చేయునని, వేసవి విరేచనములకు మందని వ్రాసెను. ఉబ్బురోగమునకు ఎఱ్ఱని చిఱుగింజలను చేపతో కలిపి పులుసు కాచుట కలదు. ఆదిలాబాదు నల్లరేగడిలో నేడు ప్రత్తితోపాటు విరివిగా పండు సోయాగింజ ఆ దేశమున వంటయింటికి, మందులయింటికి ఉమ్మడి సొత్తు. దానిని పులియబెట్టి ఊరవేసిన పదార్థము కూరకు రుచి. అదియే ఉల్లికాడలతో కాచినచో జలుబునకు మందు. సోయాపాలను విరిచి చేయు గడ్డను హువైనాన్ ప్రభువు లియు ఆన్ కనిపెట్టెనని షీజెన్ వ్రాసెను గాని, చరిత్రకారులందరును దీనినంగీకరింపరు.

నల్లసోయా విషములన్నిటికిని విరుగుడని పాతగ్రంథములు ఘోషించుచుండెను. షీజెన్ దానిని పలుమారు ప్రయోగించి చూచెను, ఫలింపలేదు. అతిమధురము చేర్చి యిచ్చినప్పుడు మాత్రము గుణము కనబడెనని నిర్భయముగా వ్రాసెను. పెద్దల మాటను కాదనుట సులభము కాని యా సమాజమున ఇది చిన్న సాహసము కాదు. అట్లే బొబ్బర్లు కూరకును, చిరుతిండికిని, ధాన్యముగను పనికివచ్చు మేలైన గింజలై యుండగా పూర్వగ్రంథములు వానినేల విడిచెనని ఆశ్చర్యపడి, తానే చేర్చెను. అయితే ఆయనయు తన కాలపు మనిషియే. బొబ్బరగింజ మూత్రపిండమును పోలియున్నందున ఆ యవయవమునకు మేలనెను. ఆకారసామ్యము వైద్యమునకు ప్రమాణము కాజాలదు. ఆ గింజలోని మాంసకృత్తుల విలువ మాత్రము నేటి శాస్త్రమునకును సమ్మతమే.

గ్రంథము ముగిసెను గాని అచ్చువేయువారు లేరైరి. 1580లో ఆయన వ్రాతప్రతితో తైచాంగ్ పోయి, వాంగ్ షిజెన్ అను ప్రఖ్యాత పండితుని పీఠిక వేడెను. పదేండ్లు గడచి 1590లో గాని అది రాలేదు. పిమ్మట నాన్‌జింగ్‌లో ముద్రణమారంభమయ్యెను. 1593లో లీ షీజెన్ మరణించెను. ఇరువదియేడేండ్లు శ్రమించి వ్రాసిన గ్రంథము 1596లో వెలువడెను. ఆ సంవత్సరమే ఆయన కుమారుడు లీ జియెన్‌యువాన్ ఒక ప్రతిని చక్రవర్తికి సమర్పించెను. ఆస్థానము ముద్రణకు పూనుకొనలేదు. 1603లో జియాంగ్‌సీ రాష్ట్రమున రెండవ ముద్రణము వెలువడెను. 1607 నాటికి గ్రంథము సముద్రము దాటి జపాను చేరెను.