చిన్న వేషంతో చిరకీర్తి: నకమురా నకాజో

జపాన్ వారి సంప్రదాయ నాటకం కబుకి. అందులో నటన, నటుడి పేరు కూడా తండ్రి నుంచి కొడుక్కి వారసత్వంగా వస్తాయి. అలాంటి చోట ఏ గొప్ప నట వంశంలోనూ పుట్టకుండా పైకి వచ్చినవాడు మొదటి నకమురా నకాజో.

ఆయన 1736లో జన్మించాడు. చిన్నతనంలోనే ఒక నాట్య గురువు ఇంటికి పెంపుడు కొడుకుగా వెళ్ళాడు. ఆనాడు ఎదో అని పిలిచే టోక్యోలో అట్టడుగు వరుస నటుడిగా మొదలయ్యాడు. తోటివారి వేధింపులు భరించాడు. ఆ రోజుల్లో పేరుమోసిన నటుడు నాలుగవ ఇచికావా దంజూరో ఆయన్ను ఆదరించాడు.

1766లో ఇచిమురా నాటకశాలలో 'చూషింగురా' ఆడారు. చనిపోయిన ప్రభువు కోసం పగ తీర్చుకున్న సమురాయ్ వీరుల కథ అది. నకాజోకు దక్కింది ఐదవ అంకంలోని సదకురో వేషం. ఒక ముసలివాణ్ణి చంపి 50 ర్యోల సొమ్ము దోచి, వెంటనే తుపాకి గుండుకు కూలిపోయే దొంగ. ప్రేక్షకులు భోజనం చేసే సమయంలో వచ్చే అంకమని చెబుతారు.

అంతవరకు ఆ పాత్రను కొండదొంగలా ముతకగా చూపేవారు. సదకురో కూడా సమురాయ్ కొడుకే కదా అని నకాజో ఆలోచించాడు. ఒంటికి తెల్లరంగు, నల్లని కిమోనో, చినిగిన గొడుగు, నీళ్ళు కారే జుట్టుతో రంగం మీదికి వచ్చాడు. వానలో తడిసి వచ్చిన ఒక పేద సమురాయ్‌ని చూసి ఈ రూపం కల్పించాడని కథగా చెప్పుకుంటారు. ఆ వేషంతో ఆయన పేరు మారుమోగింది.

1790లో నకాజో కన్నుమూశాడు. కబుకిలో సదకురోను నేటికీ ఆయన చూపిన రూపంలోనే వేస్తున్నారు.

మిత్రులారా! మా ఇంట్లో నాదే మొదటి డిగ్రీ. మీలో చాలామందిదీ ఇదే కథ. మన వెనుక పెద్ద పేర్లు లేవు. మొదట దొరికేది చిన్న వేషమే కావచ్చు. దాన్ని ఎలా వేయాలో ఆలోచించే హక్కు మాత్రం మనదే.