జేమ్స్ వాట్

మరుగుచున్న నీటిపాత్రపై మూత కదలుట చూచి జేమ్స్ వాట్ ఆవిరియంత్రమును కనిపెట్టెనని పిల్లలకు చెప్పుదురు. కథ ముచ్చటైనదే గాని, నిజము వేరు. న్యూకామెన్ అను నాతడు 1712లోనే అట్టి యంత్రమును నిర్మించియుండెను. అది గనులలో ఊరు నీటిని తోడుచుండెను. కాని బొగ్గును అపారముగా మ్రింగెడిది.

వాట్ 1736లో స్కాట్లండులోని గ్రీనాక్ అను రేవుపట్టణమున జన్మించెను. బాల్యమున దుర్బలశరీరుడైనను, చేతిపనియందు మిక్కిలి నేర్పరి. గ్లాస్గో విశ్వవిద్యాలయమున పరికరములను బాగుచేయుచుండగా, న్యూకామెన్ యంత్రపు నమూనా యొకటి ఆయనయొద్దకు మరమ్మతుకు వచ్చెను. ఒకే సిలిండరును మాటిమాటికి వేడిచేసి చల్లార్చుటవలన ఆవిరి వ్యర్థమగుచున్నదని ఆయన గ్రహించెను. సిలిండరును ఎల్లప్పుడు వేడిగానుంచి, ఆవిరిని వేరొక పాత్రలో చల్లార్చవలెనను ఉపాయము 1765లో తోచెను.

ఉపాయము తోచుట ఒక యెత్తు, యంత్రమును నిలుపుట మరియొక యెత్తు. 1769లో వాట్ పేటెంటు పొందెను. పేటెంటనగా, క్రొత్తదానిని కనిపెట్టినవానికి కొంతకాలము ప్రభుత్వ మొసగు ప్రత్యేక హక్కు. అతని యనుమతి లేక యితరులు దానిని చేయరాదు. గడువు పదునాలుగేండ్లే; అందు ఆరేండ్లు ప్రయోగములకే చెల్లిపోయెను. తోడ్పడిన రోబక్ దివాలా తీసెను. బర్మింగ్‌హామ్ కర్మాగారాధిపతి మాథ్యూ బౌల్టన్ అతని భాగమును గైకొనెను. 1775లో పార్లమెంటు ఆ హక్కును 1800 వరకు పొడిగించెను. ఆ ధైర్యముతో బౌల్టన్ ధనము వెచ్చించెను. కార్న్‌వాల్ గనుల యజమానులు, పాత యంత్రముతో పోల్చగా మిగిలిన బొగ్గు ఖరీదులో మూడవవంతును వీరికి చెల్లింపవలసి యుండెను.

వింత యేమన, పేటెంటు వాట్‌నకు సైతము అడ్డుతగిలెను. కుట్టుయంత్రమును త్రొక్కునపుడు పైకి క్రిందికి ఆడు కదలికను చక్రభ్రమణముగా మార్చునట్టి వంపుకమ్మిని క్రాంకు అందురు. అది పురాతనమైన సాధనము. అయినను దానిని ఆవిరియంత్రమునకు అమర్చుటపై పికార్డ్ అను నాతడు 1780లో పేటెంటు పొందెను. వాట్ అతనికి తలయొగ్గక, సూర్యునిచుట్టు గ్రహమువలె ఒక పండ్లచక్రము చుట్టు మరియొకటి తిరుగు ఏర్పాటును మరుసటి సంవత్సరమే పేటెంటు చేసెను. అడ్డంకియే క్రొత్త యుక్తిని పుట్టించెను.

ఇంత అనుభవించియు, వాట్ ఇతరులయెడ కనికరము చూపలేదు. జోనాథన్ హార్న్‌బ్లోయర్ రెండు సిలిండరుల యంత్రమును రచించెను. దానికిని ఆవిరిని వేరుగా చల్లార్చుట తప్పదు గనుక, వాట్ హక్కు అడ్డువచ్చెను. తన పేటెంటు గడువు పొడిగింపుడని హార్న్‌బ్లోయర్ 1792లో పార్లమెంటును వేడగా, బౌల్టన్, వాట్ ఎదిరించిరి, ప్రార్థన చెల్లలేదు. పదునేడేండ్లక్రిందట తాము పొందిన వరమే అది! మరికొందరిపై వ్యాజ్యములు నడచెను. 1799లో తీర్పు వాట్ పక్షముననే వచ్చెను. అధిక పీడనముగల ఆవిరి ప్రమాదకరమని తలచి ఆయన దానిని ప్రోత్సహింపలేదు. నాటి బాయిలర్ల బలహీనత నెరిగినవారు ఈ భయమును తప్పుపట్టరు.

1800లో హక్కు ముగిసెను. వాట్ వ్యాపారమునుండి విరమించెను. రిచర్డ్ ట్రెవితిక్ అధిక పీడనపు ఆవిరితో 1804లో వేల్సు ప్రాంతమున పట్టాలపై బండిని నడిపెను. 1811 నుండి కార్న్‌వాల్‌లో ఏ యంత్రము ఎంత బొగ్గుతో ఎంత పని చేసెనో నెలనెలా అచ్చొత్తించి ప్రకటించిరి. ఒకరి మెలకువను చూచి మరియొకరు తమ యంత్రములను సవరించుకొనిరి. బొగ్గు ఖర్చు క్రమముగా తగ్గెను.

వృద్ధాప్యమున వాట్ తన యింటి అటకమీది గదిలో, శిల్పములకు నకలు తీయు యంత్రమును తీర్చుచు కాలము గడిపెను. 1819లో మరణించెను. ఆ గదిలోని పనిముట్లు లండను విజ్ఞానశాస్త్ర ప్రదర్శనశాలలో భద్రపరుపబడి యున్నవి.