మైకు ముందు ఘంటసాల

ఘంటసాల గొంతు వినబడని తెలుగు ఇల్లు ఒకటి ఉంటుందని నేననుకోను. ఆయన్ను గురించి ఇదివరకు రాసినవాళ్ళు చాలామంది సంగీతం తెలిసిన పెద్దలు. నాకు సంగీతం రాదు. ఫిజిక్సు చదువుతున్నవాణ్ణి, అందులోనూ సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి. రాగాల సంగతి తెలిసినవారికే వదిలేసి, ఆ గొంతుకూ మైకుకూ మధ్య నడిచిన వ్యవహారాన్ని ఆయన జీవితకథతోబాటు చెప్పాలని ఈ ప్రయత్నం.

ఈ ఆలోచన పుట్టింది పొలంలో. పుంగనూరు దగ్గర మా పల్లెలో ధనుర్మాసం వచ్చిందంటే తెల్లవారుజామున గుడి మీది హారన్ మైకులో ఘంటసాల భగవద్గీత వేస్తారు. టమోటా మళ్ళకు నీళ్ళు కట్టడానికి పోయి, అంత దూరాన నిలబడి విన్నా అక్షరం అక్షరం తెలిసిపోతుంది. అదే గుడి మీద అదే హారన్‌లో కొత్త సినిమా పాట వేస్తే దడదడ తప్ప మాట తెలియదు. మైకుసెట్టు ఒకటే, ఆంప్లిఫయరు ఒకటే. మరి తేడా యాడుంది? మా తాతనడిగితే అది ఘంటసాల గొంతు గొప్పతనమన్నాడు. ఆ మాట నిజమే గానీ, ఫిజిక్సు విద్యార్థికి అంతటితో తృప్తి కలగదు గదా!

ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టాడు. తల్లి రత్తమ్మ, తండ్రి సూరయ్య. తండ్రి మృదంగం వాయిస్తూ నారాయణతీర్థుల తరంగాలు పాడేవాడు. పిల్లవాణ్ణి భుజం మీద ఎక్కించుకొని భజనలకు తీసుకుపోయేవాడు. తరంగం పాడుతుంటే ఈ పిల్లవాడు నాట్యమాడేవాడు. ఆ భజనల్లో మైకు లేదు. చివర కూర్చున్న ముసలమ్మకు కూడా వినబడాలంటే పాడేవాడు గొంతెత్తాల్సిందే. ఆయన మొదట నేర్చిన పాట ఇలాంటి పాటేనన్న సంగతి చదువరులు గుర్తుంచుకోవాలి.

చిన్నతనంలోనే తండ్రి పోయాడు. పోతూ పోతూ కొడుకును సంగీతం నేర్చుకోమని కోరాడు. మేనమామ పిచ్చిరామయ్య ఆ కుటుంబాన్ని ఆదుకున్నాడు. సంగీతం మీద ధ్యాసతో ఈ కుర్రవాడు చేతి ఉంగరం అమ్ముకొని, ఆ డబ్బుతో విజయనగరం రైలెక్కాడు. తీరా అక్కడికి పోతే వేసవి సెలవులు, కాలేజీ మూసివుంది. ప్రిన్సిపాలు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు దయతలచి కాలేజీలోనే ఉండనిచ్చారు. తోటి కుర్రాళ్ళు చేసిన తప్పు తనమీద పడి ఆ బస కూడా పోయింది. అప్పుడు చేరదీసినవారు సాలూరుకు చెందిన పట్రాయని సీతారామశాస్త్రిగారు. ఆయనా కలిగినవాడు కాదు. పాఠం చెప్పగలిగాడు గానీ శిష్యుడికి రెండు పూటలా అన్నం పెట్టే స్తోమతు లేదు. ఘంటసాల జోలె కట్టుకొని విజయనగరం వీధుల్లో మధుకరం ఎత్తుకున్నాడు. పగలు తెచ్చిన అన్నంలో కొంత రాత్రికి దాచుకుంటే దానికి చీమలు పట్టేవట. హాస్టల్లో సాంబారు పలచగా ఉందని మేము చేసే గొడవ తలచుకుంటే నాకే సిగ్గుగా ఉంది.

కాలేజీ చదువు ముగించి ఊరికి వచ్చి సంగీతపాఠాలు చెప్పుకుంటుండగా 1942 వచ్చింది. క్విట్ ఇండియా ఉద్యమంలో చేరి పట్టుబడ్డాడు. బళ్ళారి దగ్గరి అలీపురం జైలులో పద్దెనిమిది నెలలు ఉన్నాడు. 1944లో సావిత్రిగారితో పెళ్ళయింది. తన పెళ్ళికి కచేరీ తానే చేసుకున్నాడు. ఆ తర్వాత కొద్ది నెలలకే సముద్రాల రాఘవాచార్యులుగారి ప్రోత్సాహంతో మద్రాసు చేరాడు. అక్కడ తలదాచుకునే చోటు లేక పానగల్ పార్కు వాచ్‌మన్‌కు నెలకింత అని ఇచ్చి రాత్రిళ్ళు ఆ పార్కులో పడుకున్నాడని ఆయన జీవితం రాసినవాళ్ళంతా చెబుతారు. మన చిత్తూరు పేరును ఇంటిపేరు చేసుకున్న నాగయ్యగారు ఆ రోజుల్లో అండగా నిలిచారు. త్యాగయ్య, యోగి వేమన సినిమాల్లో ఘంటసాల వేసినవి చిన్న వేషాలు. కోరస్‌లో పదిమందితో కలిసి పాడాడు, రేడియోలో పాడాడు. 1945లో వచ్చిన స్వర్గసీమలో భానుమతిగారితో కలిసి పాడే అవకాశం దొరికింది.

గ్రామఫోను రికార్డుల దగ్గర మాత్రం మొదట చుక్కెదురయిందట. ఈ గొంతు రికార్డింగుకు పనికిరాదన్నారని, తర్వాత పేకేటి శివరాంగారి చొరవతోనే రికార్డులు వచ్చాయని చెబుతారు. ఘంటసాల గొంతు మైకుకు పనికిరాదనడం ఈనాడు మనకు నవ్వులాటగా ఉంటుంది. నాకు మాత్రం ఇందులో కొంత సైన్సు ఉందేమోననిపిస్తుంది.

పాతకాలపు 78 రికార్డు తీసుకోండి. ఒక్కో వైపు మూడు, మూడున్నర నిమిషాల పాట. ధ్వని ఎంత పెద్దదైతే గాడి అంత అడ్డంగా ఊగుతుంది. మరీ ఊగితే పక్క గాడిలోకి పోతుంది, ముల్లు ఎగిరిపోతుంది. గొంతు మరీ తగ్గిస్తే పాట కాస్తా రికార్డు బరబరలో కలిసిపోతుంది. సినిమా ఫిల్ము అంచున ధ్వనిని వెలుగుగా అచ్చువేసే పద్ధతిలోనూ ఇదే ఇబ్బంది. సన్నటి పట్టీలో పట్టినంత వరకే ధ్వని, అది దాటితే అలల తలలు తెగిపోయి గొంతు చీలినట్టు వినబడుతుంది. నాటకాల స్టేజీ మీద ఆరున్నర శ్రుతిలో పద్యమెత్తుకొని రాగం సాగదీసే గొంతును ఆ ఇరుకులో ఇమిడ్చేదెలాగ? గుసగుసకూ కేకకూ మధ్య మనిషి గొంతు యాభై డెసిబెళ్ళ దూరం అయినా పోగలదు. ఆనాటి రికార్డులో హాయిగా పట్టేది అంతకన్నా తక్కువే.

దీనికి యంత్రాలతో దొరికిన ఉపాయం పేరు కంప్రెసరు. బోరు మోటారుకు, పంక్చర్ షాపుకు వాడే గాలి కంప్రెసరు కాదు. ఇది ధ్వనిని అదుపు చేసే పెట్టె. మా ప్రాంతంవాళ్ళకు దీన్ని చెరువు తూముతో చెబితే తేలిగ్గా తెలుస్తుంది. చెరువు కింద ఆయకట్టుకు నీళ్ళు వదిలే మనిషిని నీరుగంటి అంటారు. కాలవలో నీళ్ళు ఒక గుర్తు దాటితే నీరుగంటి తూము కొంచెం దించుతాడు, తగ్గితే మళ్ళీ ఎత్తుతాడు. కంప్రెసరులో ఆ గుర్తు పేరు త్రెషోల్డు. ఎంత దించాలనేది రేషియో. నాలుగుకు ఒకటి అని పెడితే, గుర్తు దాటి ఎనిమిది డెసిబెళ్ళు పైకి పోయిన ధ్వని రెండు డెసిబెళ్ళే పైకి పోయినట్టు బయటికొస్తుంది. ఎంత తొందరగా దించాలనేది అటాక్, ఎంత నిదానంగా మళ్ళీ ఎత్తాలనేది రిలీజ్. నీరుగంటి కంగారు మనిషై క్షణానికోసారి ఎత్తి దించుతుంటే కాలవ ఎగసి ఎగసి పారుతుంది. రికార్డింగువాళ్ళు కూడా ఈ దోషాన్ని పంపింగ్ అనే అంటారు. పెద్ద ధ్వనులు అణిగినాక మొత్తం మీద మట్టం కాస్త పెంచుకోవచ్చు. దాంతో ఇదివరకు వినబడని చిన్న ధ్వనులు పైకొస్తాయి. అలల తలలు నరకడానికీ దీనికీ తేడా ఇదే. ఇక్కడ అల రూపం దాదాపు చెడదు, అల మొత్తం చిన్నదవుతుంది.

రేడియో స్టేషన్ల కోసం 1930లలోనే ఇలాంటివి తయారయ్యాయి. 1959లో అమెరికాలో వచ్చిన ఫెయిర్‌చైల్డ్ 670లో ఇరవై వాల్వులు, బరువు దాదాపు ముప్పై కిలోలు. దాని తర్వాతిది జిమ్ లారెన్స్ అనే ఆయన చేసిన ఎల్‌ఏ-2ఏ. అందులో ధ్వని పెరిగితే ఒక పలక వెలుగుతుంది, ఆ వెలుగు పడి ఒక రెసిస్టరు విలువ మారుతుంది, ధ్వని తగ్గుతుంది. తనను తానే వెలుగుతో అణుచుకునే ఆ ఏర్పాటు నాకు మహా ముచ్చటగా ఉంటుంది. 1967లో బిల్ పుట్నం ఎఫ్‌ఇటి ట్రాన్సిస్టరుతో 1176 అనే పెట్టె చేశాడు. సెకనులో యాభై వేల వంతులో అది ధ్వనిని పట్టుకుంటుంది. ఈనాడు లాప్‌టాప్‌లో పాటలు చేసే కుర్రాళ్ళు వాడే సాఫ్టువేర్లలో చాలా వాటికి నమూనాలు ఈ పాత ఇనుప పెట్టెలే. వాటి బొమ్మనే తెర మీద వేసి, అవే బొత్తాలు గీసి అమ్ముతున్నారు.

పెట్టె ఉన్నా లేకున్నా రికార్డింగు ఇంజనీరు చెయ్యి బొత్తాం మీద ఉండాల్సిందే. వాద్యాలవాళ్ళు, గాయకుడు అందరూ ఒకే హాల్లో ఒకేసారి పాడి వాయించే రోజులవి. చివర్లో ఒకరు తప్పితే మొత్తం మళ్ళీ మొదటికి. గాయకుడు హఠాత్తుగా గొంతెత్తితే ఇంజనీరు చెయ్యి అందుకునేలోపు అనర్థం జరిగిపోతుంది. అంచేత గాయకుడే తన గొంతుకు తానే నీరుగంటి కావాలి.

ఘంటసాల పద్యాన్ని ఏంచేశాడో ఇక్కడే చూడాలి. స్టేజీ పద్యం రుచి నాకు తెలియకపోలేదు. మా వైపు జాతరల్లో ఇప్పటికీ హార్మోనియం పెట్టి తెల్లవార్లూ పాడతారు, వన్స్‌మోర్లు కొడతారు. అక్కడ రాగం ముందు, మాట వెనుక. ఘంటసాల రాగాన్ని కురచచేసి మాటను ముందుకు తెచ్చాడు. కరుణశ్రీగారి పుష్పవిలాపం రికార్డు తీసి వినండి. పాదం చివర గొంతు ఎంత దిగిపోతుందో! అయినా హల్లు ఒక్కటి మింగుడుపడదు. ఎక్కడ పైస్థాయి అందుకున్నా అంచెలంచెలుగా పోతాడే గాని కేకలోకి దూకడు. మైకు లేని భజనలో పెరిగిన పెద్ద గొంతును, దాని బరువు పోకుండా, సన్నటి గాడిలో పట్టేలా మలుచుకున్నాడు. ఈ పని తెలిసి చేశాడా, తెలియకనా అని అడిగితే నేను చెప్పలేను. వినికిడికి తెలిసేది మాత్రం ఇది.

ఆ మీదట ఆయన సినిమా జీవితం అందరికీ తెలిసిందే కాబట్టి తొందరగా చెప్పేస్తాను. 1949లో కీలుగుర్రం, మనదేశం సినిమాలకు సంగీతం కట్టాడు. 1951లో పాతాళభైరవి, 1953లో దేవదాసు పాటలు, 1957లో మాయాబజార్, 1963లో లవకుశ, 1965లో పాండవ వనవాసం. వందకు పైగా సినిమాలకు సంగీత దర్శకత్వం. రామారావుకూ నాగేశ్వరరావుకూ ఒకే గొంతు, అయినా తెర చూడకుండా ఎవరి పాటో చెప్పగలం. 1960 నాటి శ్రీవేంకటేశ్వర మహాత్మ్యంలో స్వామి ముందు కూర్చొని తానే పాడుతూ కనిపిస్తాడు. తిరుమల తిరుపతి దేవస్థానం ఆయన్ను ఆస్థాన గాయకుణ్ణి చేసింది. 1970లో పద్మశ్రీ. 1971లో యూరప్, అమెరికా తిరిగి కచేరీలు చేసి వచ్చాడు. ఇన్నిటిలో నాకు నచ్చిన విషయం వేరే ఉంది. మధుకరం రోజుల్లో పాఠం చెప్పిన గురువుగారి కుమారుడు పట్రాయని సంగీతరావుగారు ఆయన దగ్గర సహాయకుడిగా చేరి, చివరిదాకా ఉన్నారు.

అప్పటికే చక్కెర వ్యాధి పట్టుకుంది. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో చాలా రోజులు ఉండాల్సి వచ్చింది. భగవద్గీత పాడింది ఆ తర్వాతే. వందకు పైగా శ్లోకాలు, వాటికి తెలుగులో తాత్పర్యం. అందులో పాతాళభైరవి నాటి గొంతు కోసం వెతక్కూడదు. ఆ ఉరవడి లేదు. మెట్టు దిగిన గొంతు, మెల్లని నడక.

హారన్ మైకు ప్రశ్నకు నాకు దొరికిన జవాబు కూడా ఇక్కడే ఉంది. హారన్‌కు లోతు ధ్వనులు చేతకావు. టెలిఫోనులాగా మాటకు అవసరమైన మధ్య భాగాన్నే అది గట్టిగా విసరగలదు. కొత్త పాటల్లో డ్రమ్ములు, బేసు, గొంతు అన్నిటినీ కంప్రెసర్లతో బిగించి ఒకే మట్టానికి తెచ్చివుంటారు. ఆంప్లిఫయరు బలమంతా హారన్ పలకలేని బేసు తినేస్తుంది, మిగిలిన దాంట్లో గొంతూ వాద్యమూ ఒకదానిమీదొకటి పడతాయి. గీతలో గొంతు చుట్టూ ఖాళీ ఉంది, వెనక వాద్యం అణిగివుంది. ఇంకొక సంగతి గమనించాను. మామూలుగా పాడేటప్పటి గొంతు పెద్దది, మాట్లాడేటప్పటిది చిన్నది. ఆయన శ్లోకం పాడి వెంటనే తాత్పర్యం చెబుతాడు. పాట నుంచి మాటకు దిగినా మట్టం దాదాపు మారదు. అందులో రికార్డింగువాళ్ళ పాలెంతో, ఆయన పాలెంతో విడదీసి చెప్పే సాధనం నా దగ్గర లేదు. అయితే అంత జబ్బులో, ఊపిరి అంత కొద్దిగా వాడుకుంటూ కూడా ప్రతి అక్షరాన్ని ఒడ్డున చేర్చింది మాత్రం ఆయనే.

ఆ రికార్డు బయటికి వచ్చేసరికి ఆయన లేడు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశాడు. యాభై రెండేళ్ళు కూడా నిండలేదు.

మన జనం ఆ గీతను చావు ఇంటికి అంటగట్టడం నాకు నచ్చదు. వేళకాని వేళలో అది వినబడితే చాలు, ఎవరు పోయారని వీధిలోకి వస్తారు. అది యుద్ధం చేయమని చెప్పిన పుస్తకం గదా అని వాదించేవాణ్ణి. పోయినేడు మా అవ్వ చనిపోయినప్పుడు మా ఇంటి మీద కూడా అదే కట్టారు. వాదించే ఓపిక లేదు, వింటూ కూర్చున్నాను. మైకుసెట్టు అబ్బాయి మొదటి శ్లోకానికి బొత్తాం ఒకసారి తిప్పి సరిచేసుకొని, బండెక్కి టీ తాగడానికి పుంగనూరు పోయాడు. వాడు తిరిగొచ్చేదాకా ఆ బొత్తాం ముట్టుకోవలసిన పని ఎవరికీ పడలేదు.

— బి.ఎస్సి. విద్యార్థి, పుంగనూరు