గాలిలో కలిసే మాటను అచ్చులో నిలిపిన రేడియో అన్నయ్య

భిలాయిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఇప్పుడు మూడో తరం పిల్లలు పెరుగుతున్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ, ఇంగ్లీషు. అమ్మమ్మ చెప్పే కథ వారికి చక్కగా అర్థమవుతుంది. అదే కథను పుస్తకంలో చూపిస్తే అక్షరాలు కూడబలుక్కోవలసి వస్తుంది. ఇటువంటి చోట పిల్లల కోసం తెలుగులో పుస్తకం రాయాలని సంకల్పించేవారికి, రాసినా చదివేదెవరన్న సందేహం ముందుగా ఎదురవుతుంది. చెవికి అలవాటైన భాషను కంటికి కూడా అలవాటు చేయడమెలాగన్నది ఆ సందేహంలోని అసలు చిక్కు. తన జీవితంలో అధిక భాగం ఈ పనికే వెచ్చించిన వ్యక్తి, తెలుగు శ్రోతలు రేడియో అన్నయ్యగా ఎరిగిన న్యాయపతి రాఘవరావు.

ఆయన 1905 ఏప్రిల్ 13న బరంపురంలో జన్మించారు. అప్పట్లో ఆ పట్టణం మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు జిల్లాలోని అధిక భాగంతో పాటు అందులో చేరింది. ఇంటి భాష ఒకటి, ఊరి భాష మరొకటి అయిన వాతావరణం భిలాయి తెలుగువారికి కొత్త కాదు. తెలుగు పిల్లలకు తెలుగులో వినిపించి, చదివించాలన్న పట్టుదల రాఘవరావుకు అక్కడి నుంచే వచ్చిందేమోనని ఈ వ్యాసకర్త ఊహ, ఊహగానే గ్రహించగలరు.

ఆకాశవాణి మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న ప్రసారాలు ప్రారంభించింది. కొద్ది కాలానికే రాఘవరావు, ఆయన సతీమణి కామేశ్వరి తెలుగు పిల్లల కార్యక్రమాలకు అన్నయ్య, అక్కయ్య అయ్యారు. ఆ పిలుపులలో ఒక వివేకం ఉంది. మాస్టారు అంటే భయం, మామయ్య అంటే కొంత దూరం. అన్నయ్య అంటే ఆటలోకి రానిచ్చే మనిషి. 1940లో ఆ దంపతులు ఆంధ్ర బాలానంద సంఘాన్ని స్థాపించారు. పాటలు, కథలు, నాటికలు నేర్చుకోవడానికి పిల్లలకు రేడియోతో పాటు మరొక వేదిక ఏర్పడింది.

ధ్వనిముద్రణ వసతులు అంతంతమాత్రంగా ఉన్న రోజులవి. మైకు ముందు పలికిన మాట పలికిన క్షణానే గాలిలో కలిసిపోయేది. మళ్లీ వారానికి మళ్లీ కొత్త పాట, కొత్త కథ కావాలి. ప్రసార సంస్థలో పనిచేసేవారికి ఈ ఒత్తిడి తెలిసినదే. అయితే పిల్లల రచయితకు ఇంతకు మించిన పాఠశాల లేదు. పసివాడు ఒక్క ఊపిరిలో పలకలేని వాక్యం రిహార్సల్‌లోనే తేలిపోతుంది. నోరు తిరగని సంయుక్తాక్షరం, తాళానికి నిలవని చరణం, నవ్వు రాని హాస్యం అక్కడికక్కడే బయటపడతాయి. కాగితం మీద ఎంత అందంగా కనిపించినా పిల్లల నోట నిలవని రచనను కొట్టివేయవలసిందే.

ఆ అనుభవంతోనే రాఘవరావు 1945 ఆగస్టులో మద్రాసు నుంచి బాల మాసపత్రికను ప్రారంభించారు. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడే ముగుస్తున్నది, కాగితానికి కొరత. చందమామ పుట్టడానికి ఇంకా రెండేళ్లుంది. పిల్లలకంటూ ప్రత్యేకంగా ఒక తెలుగు మాసపత్రికను నడపడం లాభసాటి వ్యవహారం అని ఆనాడు ఎవరూ అనుకొని ఉండరు. కథలు, గేయాలు, బొమ్మలతో పాటు లటుకు చిటుకు వంటి శీర్షికలతో, రేడియోలో వినిపించిన ఆ చనువు బాల పుటలలోకి వచ్చింది.

అన్నిటికంటె ముఖ్యమైన విషయం, పిల్లలు ఆ పత్రికకు పాఠకులు మాత్రమే కారు. వారి రచనలూ అందులో అచ్చయ్యేవి. మద్రాసులో చదువుకుంటున్న పద్నాలుగేళ్ల ముళ్లపూడి వెంకటరమణ రాసిన తొలి కథ, అమ్మ మాట వినకపోతే, 1945లో బాలలోనే వెలువడింది. తరువాతి కాలంలో బాపుగా ప్రసిద్ధుడైన సత్తిరాజు లక్ష్మీనారాయణ తొలి బొమ్మలు కూడా ఆ పుటలలోనే కనిపించాయి. అప్పటికి ఆయనకు పన్నెండేళ్లు కూడా నిండలేదు. బుడుగు రావడానికి ఇంకా పదేళ్లకు పైగా పడుతుంది. తన పేరును అచ్చులో చూసుకున్న బాలుడు రెండో కథ రాస్తాడు. పేరు పడని బాలుడు చాలాసార్లు మొదటిదానితోనే ఆగిపోతాడు. ఈ తేడా తెలిసిన సంపాదకుడు రాఘవరావు. ఇంత శ్రమలో సొంత గ్రంథ రచనకు ఆయనకు ఎంత తీరిక మిగిలిందో చెప్పడం కష్టం. బాపు రమణల ప్రస్తావన వచ్చినంత తరచుగా ఆయన ప్రస్తావన రాకపోవడం మాత్రం న్యాయంగా లేదు.

1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించింది. ఆ ఏడాదే అన్నయ్య, అక్కయ్య హైదరాబాదుకు తరలివెళ్లారు. కొత్త రాజధానిలోనూ బాలానందం వారి కంఠాలతోనే కొత్త తరానికి పరిచయమైంది. నారాయణగూడలోని బాలానంద సంఘం పిల్లల సందడికి నిలయమైంది.

పత్రిక మాత్రం 1959 దాటలేదు. అదే ఏడాది ఫిబ్రవరి 4న భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉపాధి కోసం ఇక్కడికి చేరుతున్న తెలుగు కుటుంబాల పిల్లలకు బాల కొత్త సంచిక చదివే అవకాశం ఆ విధంగా లేకుండా పోయింది. పద్నాలుగేళ్లు నడిచిన పత్రిక ఆగడాన్ని వైఫల్యమనలేము కాని, నష్టమే.

కామేశ్వరి 1980లో కన్నుమూశారు. రాఘవరావు 1984 ఫిబ్రవరి 24న మరణించారు. నాటి ప్రసారాలలో చాలా భాగం వినడానికి ఇప్పుడు మనకు దారి లేదు. బాల సంచికలను మాత్రం తరువాతి కాలంలో అభిమానులు సేకరించి సంపుటాలుగా తిరిగి ముద్రించారు. అన్నయ్య గొంతు వినని పిల్లలు ఆ కథలను ఇప్పటికీ చదువుకోవచ్చు. అక్షరాలు ఇంకా కూడబలుక్కునే పసివారికైతే, పక్కన కూర్చుని పైకి చదివి వినిపించవచ్చు.